31 ఓటములతో సీజన్ అయిపోదు: బేస్‌బాల్‌పై అపోహలు - వాస్తవాలు

నేను ఉత్తర వర్జీనియాలో ఉంటాను. శని, ఆదివారాల్లో పిల్లల బేస్‌బాల్ లీగుల్లో స్కోరర్‌గా కూర్చుంటాను. పిచర్ వేసిన ప్రతి బంతినీ పెన్సిల్‌తో రాసుకుంటూ పోవడమే పని. క్రికెట్‌తో పెరిగిన మనవాళ్లు ఈ ఆట గురించి అడిగే ప్రశ్నలు చాలావరకు ఒకేలా ఉంటాయి. జవాబు చెప్పబోతే నాకు ప్రతిసారీ 2019లో వాషింగ్టన్ నేషనల్స్ ఆడిన సీజనే గుర్తొస్తుంది.

అపోహ: మొదట్లోనే ఇన్ని ఓడితే ఇక ఆ సీజన్ పోయినట్టే.

2019 మే 23న నేషనల్స్ న్యూయార్క్‌లో మెట్స్ చేతిలో ఓడిపోయింది. ఆ సిరీస్‌లో నాలుగుకు నాలుగూ పోయాయి. అప్పటికి 50 మ్యాచ్‌లు ఆడితే 19 గెలుపులు, 31 ఓటములు. గుంటూరు నుంచి మా బావమరిది ఫోన్ చేసి, "బావా, మీ టీమ్ పని అయిపోయినట్టేగా?" అన్నాడు. ఐపీఎల్ లీగ్ దశలో ఒక్కో జట్టుకు ఉండేవే 14 మ్యాచ్‌లు. ఆ లెక్కలో చూసేవాడికి అలా అనిపించడంలో తప్పు లేదు.

వాస్తవం: ఇక్కడ ఒక్కో జట్టు మార్చి నెలాఖరు నుంచి సెప్టెంబర్ చివరి దాకా 162 మ్యాచ్‌లు ఆడుతుంది. వారంలో దాదాపు ప్రతిరోజూ ఆటే. ఆ ఏడాది అన్నిటికంటే ఎక్కువ గెలిచిన హ్యూస్టన్ ఆస్ట్రోస్ కూడా 55 సార్లు ఓడింది. అట్టడుగున ఉన్న డెట్రాయిట్ టైగర్స్ 47 సార్లు గెలిచింది. అంటే ఎంత గొప్ప జట్టైనా మూడింట ఒకటి ఓడుతుంది, ఎంత బలహీనమైన జట్టైనా పావు వంతుకు పైగా గెలుస్తుంది. అలాంటి ఆటలో 50 మ్యాచ్‌లు చూసి జట్టు బలం తేల్చేయడం తొందరపాటే.

ఓడిన కారణాలు కూడా చూడాలి. షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేస్‌ల మధ్య ఫీల్డర్) ట్రే టర్నర్‌కు ఏప్రిల్ మొదట్లోనే చూపుడు వేలు విరిగింది, మే మధ్య దాకా తిరిగి రాలేదు. చివరి ఇన్నింగ్స్‌ల్లో బంతి వేసే బుల్‌పెన్ పిచర్లు గెలిచే మ్యాచ్‌లను చేజార్చారు. కానీ ఆట మొదలుపెట్టే పిచర్లు షెర్జర్, స్ట్రాస్‌బర్గ్, కార్బిన్ బాగానే వేస్తున్నారు. విరిగిన వేలు అతుక్కుంటుంది. మంచి పిచర్ అంత త్వరగా చెడిపోడు. మిగిలిన 112 మ్యాచ్‌ల్లో నేషనల్స్ 74 గెలిచింది. సీజన్ 93-69తో ముగిసింది.

స్కోరర్లు గెలుపోటములతో పాటు పరుగుల లెక్క కూడా చూస్తారు. బేస్‌బాల్ గణాంకాల నిపుణుడు బిల్ జేమ్స్ చెప్పిన సూత్రం ఒకటుంది: జట్టు చేసిన పరుగుల వర్గాన్ని, చేసిన పరుగుల వర్గం, ప్రత్యర్థికి ఇచ్చిన పరుగుల వర్గం కలిపిన మొత్తంతో భాగిస్తే, గెలవాల్సిన మ్యాచ్‌ల వాటా వస్తుంది. నేషనల్స్ ఆ సీజన్‌లో 873 పరుగులు చేసి 724 ఇచ్చింది. కాగితం మీద వేసి చూడండి, 162 మ్యాచ్‌లకు దాదాపు 96 గెలుపులు వస్తాయి. గెలిచినవి 93. కాబట్టి వాళ్లను అదృష్టం గెలిపించిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

అపోహ: స్టార్ వెళ్లిపోతే జట్టు కూలిపోతుంది.

ఆ సీజన్ ముందే నేషనల్స్ స్టార్ బ్యాటర్ బ్రైస్ హార్పర్ 13 ఏళ్లకు 33 కోట్ల డాలర్ల ఒప్పందంతో ఫిలడెల్ఫియాకు వెళ్లిపోయాడు. ఆ ఏడాది ఫిలడెల్ఫియా 81 గెలిచి 81 ఓడింది. క్రికెట్‌లో మంచి బ్యాటర్ రోజంతా క్రీజులో నిలబడొచ్చు. బేస్‌బాల్‌లో ఎంతటివాడైనా మిగతా ఎనిమిది మంది వంతు అయ్యాకే మళ్లీ బ్యాట్ పట్టాలి. మ్యాచ్‌కు నాలుగైదుసార్లు వస్తాడు, అంతే.

అపోహ: ఎక్కువ గెలుపులున్న పిచరే గొప్ప పిచర్.

జట్టు గెలుపోటములను ఒక్కో పిచర్ పేరు మీద కూడా రాస్తారు. 2018లో మెట్స్ పిచర్ జేకబ్ డిగ్రామ్ గెలుపులు 10, ఓటములు 9. చూస్తే మామూలుగా ఉంది. కానీ తొమ్మిది ఇన్నింగ్స్‌కు, అంటే ఒక పూర్తి మ్యాచ్‌కు, అతను ఇచ్చిన పరుగుల సగటు 1.70 మాత్రమే. సొంత జట్టు పరుగులు చేయకపోతే అతనేం చేస్తాడు? ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు అతనికే వచ్చింది.

అపోహ: బంతి పట్టలేకపోతే అది ఎర్రర్ (ఫీల్డర్ తప్పు).

పిల్లల మ్యాచ్‌ల్లో నాకు ఎక్కువ టెన్షన్ దీనితోనే. తమ బాబు పేరు పక్కన 'ఎర్రర్' అని రాస్తే తల్లిదండ్రులు బాధపడతారు, అది నాకు తెలుసు. మామూలు ప్రయత్నంతో ఆపగలిగిన బంతిని వదిలితేనే ఎర్రర్. దూరంగా వెళ్లే బంతికి పరిగెత్తి, దూకి, అందుకోలేకపోతే అది కాదు. ఆ తేడా స్కోరరే నిర్ణయించాలి.

2019 అక్టోబర్ 1న మిల్‌వాకీతో ఒక్క మ్యాచ్ నాకౌట్. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో నేషనల్స్ 1-3తో వెనకబడి ఉంది, మూడు బేస్‌ల మీదా మనుషులున్నారు. ఇరవయ్యేళ్ల హువాన్ సోటో బంతిని రైట్ ఫీల్డ్‌లోకి కొట్టాడు. అక్కడ ట్రెంట్ గ్రిషమ్ చేతికి చిక్కకుండా బంతి వెనక్కి పోయింది, ముగ్గురూ ఇంటికొచ్చారు, అంటే మూడు పరుగులు. స్కోర్‌షీట్‌లో సోటోకు సింగిల్ (ఒక బేస్ హిట్), రెండు పరుగులు. మూడో పరుగు ఎర్రర్ ఖాతాలోకి. ఒకే దెబ్బ రెండు చోట్ల పడింది. మ్యాచ్ 4-3.

అపోహ: సొంత మైదానం ఉంటే సగం గెలిచినట్టే.

లీగ్ దశలో ఆస్ట్రోస్ సొంత మైదానంలో 60 గెలిచి 21 మాత్రమే ఓడింది. నేషనల్స్‌తో ఆడిన ఫైనల్, వరల్డ్ సిరీస్‌లో మాత్రం ఏడు మ్యాచ్‌లనూ బయటి జట్టే గెలిచింది. నేషనల్స్ నాలుగుకు నాలుగూ హ్యూస్టన్‌లోనే గెలిచింది, నావీ యార్డ్ దగ్గరున్న సొంత స్టేడియంలో మూడూ ఓడింది. బలహీనమైన బుల్‌పెన్‌తో అక్కడిదాకా ఎలా వెళ్లారంటే, మేనేజర్ డేవ్ మార్టినెజ్ ఆట మొదలుపెట్టే పిచర్లనే మధ్యలోనూ దింపాడు. ఆఖరి మ్యాచ్‌లో కార్బిన్ అలాగే వచ్చి మూడు ఇన్నింగ్స్‌లో ఒక్క పరుగూ ఇవ్వలేదు.

అపోహ: ఫౌల్ పోల్‌కు బంతి తగిలితే ఫౌల్.

హద్దు గీతల బయట పడే బంతి ఫౌల్, ఆ గీత చివర నిలబెట్టిన కంబం ఫౌల్ పోల్. పేరే తప్పుదారి పట్టిస్తుంది. అక్టోబర్ 30 రాత్రి, ఏడో మ్యాచ్, ఏడో ఇన్నింగ్స్. నేషనల్స్ 1-2తో వెనకబడి ఉంది. హొవీ కెండ్రిక్ కొట్టిన బంతి నేరుగా వెళ్లి కుడివైపు ఫౌల్ పోల్‌కు తగిలింది. ఆ కంబం లోపలి హద్దులో భాగమే, కాబట్టి అది హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది), బేస్ మీదున్న వాడితో కలిపి రెండు పరుగులు. మ్యాచ్ 6-2తో ముగిసింది. 1924 తర్వాత వాషింగ్టన్ నగరానికి వచ్చిన మొదటి వరల్డ్ సిరీస్ టైటిల్ అది. అప్పుడు గుంటూరులో తెల్లవారిపోయింది, ఈసారి ఫోన్ చేసింది నేనే.