గొటబాయ రాజపక్స: కొలను ఫొటో చెప్పని సంగతులు

విదేశీ వార్తల డెస్కులో శ్రీలంక మాజీ అధ్యక్షుడు గొటబాయ పేరు రాగానే ఎవరో ఒకరు ఈతకొలను ఫొటో అడుగుతారు. 2022 జులై 9న కొలంబోలో ఆర్థిక సంక్షోభంతో విసిగిన జనం అధ్యక్ష భవనంలోకి చొరబడి ఈత కొట్టారు కదా, అదే. ఆ ఒక్క ఫొటో చుట్టూ బోలెడు పుకార్లు పుట్టుకొచ్చాయి.

అపోహ: తమిళ వేర్పాటువాద ఎల్టీటీఈని ఓడించిన సైన్యాధిపతి ఆయనే.
వాస్తవం: 2009లో సైన్యాధిపతి శరత్ ఫొన్సెకా. గొటబాయ అప్పుడు రక్షణ శాఖ కార్యదర్శి, అన్న మహింద అధ్యక్షుడు. లెఫ్టినెంట్ కర్నల్‌గా రిటైరై అమెరికాలో స్థిరపడిన మనిషి, 2005లో అన్న ఎన్నికల ప్రచారానికి తిరిగొచ్చారు. 2019 ఈస్టర్ పేలుళ్ల తర్వాత భద్రత పేరు చెప్పి ఓట్లడిగి, నవంబరులో 52.25 శాతం ఓట్లతో అధ్యక్షుడిగా గెలిచారు.

అపోహ: సేంద్రియ సేద్యమే దేశం కొంప ముంచింది.
వాస్తవం: సగమే నిజం. పదేళ్లలో మారతామని మేనిఫెస్టోలో రాసుకుని, 2021లో రసాయన ఎరువుల దిగుమతి ఒక్కసారిగా ఆపేశారు. వరి, తేయాకు దెబ్బతిన్నాయి. నవంబరుకల్లా వెనక్కి తగ్గారు. కానీ గండి అంతకుముందే పడింది. గెలిచిన కొద్ది రోజులకే వ్యాట్ 15 నుంచి 8 శాతానికి దించారు. ఏటా 1.2 కోట్ల శ్రీలంక రూపాయల టర్నోవరు ఉంటే వ్యాట్ కట్టాలన్న హద్దును ఏకంగా 30 కోట్లకు పెంచారు. ఆ అంకె ఎప్పుడు చూసినా నాకు మతిపోతుంది. రాబడి పడిపోయింది. ఇంతలో కొవిడ్ వచ్చి టూరిస్టులు ఆగిపోయారు. రేటింగ్ సంస్థలు గ్రేడు తగ్గించాయి, బయట కొత్త అప్పు పుట్టలేదు. పాత బాకీలు మాత్రం డాలర్లలో కడుతూనే పోయారు. 2019 చివర 760 కోట్ల డాలర్లున్న విదేశీ మారక నిల్వల్లో, 2022 మే నాటికి వాడుకోవడానికి 5 కోట్లు కూడా మిగల్లేదు. విదేశీ అప్పులు కట్టలేమని ఏప్రిల్ 12నే చేతులెత్తేశారు.

అపోహ: అంతా చైనా అప్పే.
వాస్తవం: విదేశీ అప్పులో పెద్ద వాటా అంతర్జాతీయ బాండ్లది. హంబన్‌టోట రేవును చైనా కంపెనీకి ఇచ్చిన 99 ఏళ్ల లీజు 2017 నాటిది, అప్పటి అధ్యక్షుడు సిరిసేన ప్రభుత్వం చేసింది. దాన్ని గొటబాయ ఖాతాలో వేసేది వాట్సాప్ చరిత్రకారులే.

అపోహ: జనం కుర్చీ లాక్కున్నారు, భవనం లూటీ చేశారు.
వాస్తవం: తరిమింది జనమే, కుర్చీ మాత్రం వాళ్లకు దక్కలేదు. భవనంలో దొరికిన దాదాపు 1.78 కోట్ల రూపాయల నోట్లు నిరసనకారులు లెక్కపెట్టి పోలీసులకు అప్పగించారు. అదే రోజు అప్పటి ప్రధాని రణిల్ విక్రమసింఘె సొంతిల్లు తగలబడిందనేదీ నిజమే. గొటబాయ జులై 13న వైమానిక దళ విమానంలో మాల్దీవులకు, మర్నాడు సింగపూర్‌కు చేరి, రాజీనామాను స్పీకర్‌కు ఈమెయిల్ చేశారు. పదవిలో ఉన్నంతకాలం అధ్యక్షుడిపై కేసులు నడవవు. దేశం దాటాకే రాజీనామా చేయడంలో లెక్క అదేనని నా అంచనా. 20న పార్లమెంటు రహస్య ఓటింగులో 134 ఓట్లతో రణిల్ అధ్యక్షుడిగా గెలిచారు. అండగా నిలిచింది గొటబాయ పార్టీ ఎంపీలే!

అపోహ: ఆయన ఇప్పటికీ విదేశాల్లోనే తలదాచుకుంటున్నారు.
వాస్తవం: ఆ సెప్టెంబరు 2నే కొలంబో వచ్చేశారు. మంత్రులు విమానాశ్రయానికెళ్లి పూలతో స్వాగతం పలికారు. 2023 నవంబరులో సుప్రీంకోర్టు 4-1 తీర్పులో గొటబాయ, మహింద, వాళ్ల తోబుట్టువు, మాజీ ఆర్థిక మంత్రి బసిల్ తదితరులు సంక్షోభానికి కారకులని తేల్చింది. అది ప్రాథమిక హక్కుల పిటిషన్ కాబట్టి జైలు శిక్ష ప్రశ్నే లేదు. పిటిషనర్లకు ఖర్చుల కింద 1.5 లక్షల రూపాయలు ఇమ్మంది.