మడతల బట్ట, నూనె రంగులు: అపోహలు - వాస్తవాలు

మడతలు పడిన బట్టను నూనె రంగులతో చిత్రించడం నా పని. ఇంటి గోడకు వేలాడదీసే బొమ్మ కోసం వచ్చేవారు, నా దగ్గర నేర్చుకునేవారు తరచూ అనే మాటలివి.

అపోహ: నీడ కావాలంటే అదే రంగులో నలుపు కలిపితే చాలు.

అలా కలిపితే ఎర్ర పట్టు మాసిన బట్టలా కనిపిస్తుంది, లోతు రాదు. మడత లోపల ఒక వైపు పడిన వెలుగు ఎదుటి వైపు మీదికి తుళ్ళి మళ్ళీ ఎరుపునే మోసుకొస్తుంది. అందుకే లోపలి నీడ ఒక్కోసారి పై భాగం కంటే చిక్కటి ఎరుపులో ఉంటుంది. అక్కడ నేను నలుపు ముట్టను, ఎరుపులోనే చిటికెడు ముదురు ఆకుపచ్చ కలుపుతాను. ఇక అది శాటిన్ బట్టా, ఉన్ని బట్టా అన్నది తేల్చేది రంగు కాదు. వెలుగు నీడలోకి జారే తీరు. శాటిన్‌లో అది చటుక్కున మారుతుంది, ఉన్నిలో నెమ్మదిగా కరుగుతుంది.

అపోహ: మడతలు ఊహించి వేసేయవచ్చు.

బట్ట ఎక్కడో ఒకచోట చిక్కుకుని వేలాడుతుంది: మేకు, భుజం, బల్ల అంచు. మడతలన్నీ అక్కడి నుంచే బయలుదేరతాయి. ఆ చోటు తెలియకుండా వేస్తే బట్ట కాదు, నూడుల్స్ కనిపిస్తాయి. లియొనార్డో దా విన్సీ అంతటివాడు కూడా మట్టి బొమ్మల మీద మట్టి పూసిన మెత్తని గుడ్డలు కప్పి, అవి కదలకుండా ఉండగా చూసి వేసేవాడని, ఆనాటి చిత్రకారుల జీవితచరిత్రలు రాసిన వసారి రాశాడు.

అపోహ: వేలికి అంటకపోతే ఆరినట్టే, వార్నిష్ వేసేయవచ్చు.

నూనె రంగు నీటి రంగులా ఆవిరై ఆరదు. అందులోని అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. పైన పొడిగా ఉన్నా లోపల ఆ పని నెలల తరబడి సాగుతుంది. పలుచని పొరకు 6 నెలలు, మందంగా పూసినదానికి 12 నెలలు ఆగమంటాను. తొందరపడేవారితో నాకు రోజూ ఇదే గొడవ.

అపోహ: చీకట్లో ఉంచితే రంగు చెడదు.

చీకట్లో నూనె పసుపెక్కుతుంది, తెల్ల బట్ట బొమ్మలో అది ముందే పట్టుబడుతుంది. అలాగని ఎండ తగిలే గోడా పనికిరాదు. అలిజరిన్ క్రిమ్సన్ అనే ఎరుపు వెలుగుకు వెలిసిపోతుంది. కాబట్టి దాని బదులు వెలుగుకు తట్టుకునే క్వినాక్రిడోన్ ఎరుపు వాడారా అని చిత్రకారుణ్ణి అడగండి.

దుమ్ముకు మెత్తని పొడి కుంచె చాలు, తడిగుడ్డ వద్దు. బంగాళాదుంప ముక్కతో రుద్దితే మెరుస్తుందని విని ఒకాయన అలాగే చేశారు. ఆయన తెచ్చిన బొమ్మలో ప్రతి పగులులోనూ పిండి.