మటన్ ముందు గట్టిపడి, తర్వాత మెత్తబడుతుందెందుకు?

డబ్లిన్‌లో ఉంటున్న ఒక పాఠకురాలు రాశారు: "ఐరిష్ స్ట్యూ వండాను. అరగంటకి చూస్తే ముక్క నమలలేకపోయాం. పొయ్యి మీదే వదిలేస్తే రెండు గంటలకి గరిటె తగిలితేనే విడిపోయింది. అదే గిన్నె, అదే మంట. ఏం జరిగింది?"

చాలా మంచి ప్రశ్న. ఈ కూరలో దాచుకోవడానికేమీ లేదు. గొర్రె మెడ ముక్కలు, బంగాళాదుంపలు, ఉల్లిపాయలు, నీళ్లు, ఉప్పు, మిరియాలు, అంతే. క్యారెట్ వెయ్యొచ్చా అన్నదాని మీద ఐర్లండ్‌లో ఇంకా వాదన నడుస్తూనే ఉంది. ముక్కల్ని వేయించరు కూడా. రుచీ చిక్కదనమూ ఉడకడంలోంచే రావాలి.

మాంసంలో రెండు రకాల ప్రోటీన్లున్నాయి. కండ పోగుల్లోవి తొందరపాటువి. 50 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి 70 దాటేసరికి బిగుసుకుపోయి నీటిని బయటికి పిండేస్తాయి. అరగంటకి మీ పళ్లకి తగిలింది అదే. రెండోది కొల్లాజెన్. కండల్ని కట్టి ఉంచేది, మెడలో దండిగా ఉండేది. దీని కథే నాకు ఎంతకీ తనివి తీరనిది.

కొల్లాజెన్ అణువు మూడు పాయల జడ. పొడవు 300 నానోమీటర్లు, మందం 1.5. ఒక్కో పాయలో సుమారు వెయ్యి అమైనో ఆమ్లాలు, అంటే ప్రోటీన్‌ని కట్టే ఇటుకలు. వాటిలో ప్రతి మూడోదీ గ్లైసిన్. జడ లోపల అంత ఇరుకులో పట్టేది అన్నిటికన్నా చిన్నదైన గ్లైసిన్ ఒక్కటే. పక్కపక్క జడల్ని కలుపుతూ పిన్నుల్లాంటి అడ్డబంధాలుంటాయి. గొర్రెకి వయసొచ్చేకొద్దీ ఆ పిన్నులు గట్టిపడతాయి. లేత మాంసం త్వరగా ఉడకడానికి, ముదురు మాంసం మొండికెయ్యడానికి కారణం ఇదే. 60 డిగ్రీలు దాటాక జడలు ముడుచుకుని కండని ఇంకా నొక్కుతాయి. ఆ తర్వాత గంటల తరబడి వేడి తగిలితే పాయలు ఒక్కొక్కటే విడిపోయి నీళ్లలో కరుగుతాయి. ఆ విడిపోయిన పాయలే జెలటిన్. పులుసుకి పెదాలకి అంటుకునే జిగట దానివల్లే. మన మేక కాళ్ల పాయా కూడా ఇదే పని. మర్నాడు ఫ్రిజ్‌లోంచి తీస్తే పులుసు వణుకుతూ గడ్డకట్టి ఉంటుంది, చూడండి. చల్లారిన పాయలు అక్కడక్కడా మళ్లీ అల్లుకుని, మధ్యలో నీటిని బంధించేశాయన్నమాట.

జడ బిగువుగా ఉండాలంటే ప్రోలీన్ అనే అమైనో ఆమ్లం హైడ్రాక్సీప్రోలీన్‌గా మారాలి. ఆ మార్పుకి విటమిన్ సి కావాలి. అది లేకుండా అల్లిన జడ మరిగే నీళ్ల దాకా ఆగదు, మన ఒంటి వేడికే విడిపోతుంది. అదే స్కర్వీ: చిగుళ్లు నెత్తురోడతాయి, పాత గాయాలు తెరుచుకుంటాయి. గొర్రె తన విటమిన్ సి తానే తయారుచేసుకుంటుంది, మనిషి చేసుకోలేడు. ఐర్లండ్ పేదలకి అది బంగాళాదుంపలోంచే వచ్చేది. 1845లో తెగులు సోకి పంట కుళ్లిపోయాక ఆకలితోపాటు స్కర్వీ కూడా వచ్చింది. సుమారు పది లక్షల మంది పోయారు. దేవుడి శిక్ష అన్నవాళ్లు ఎందరో. అది శిలీంధ్రం లాంటి జీవి పని అని 1846లోనే గట్టిగా వాదించిన మైల్స్ బర్క్‌లీ స్వయంగా చర్చి మతాధికారి! మన బడుల్లో విటమిన్ల పట్టిక ఒక పుస్తకంలో, కరువు ఇంకో పుస్తకంలో చెబుతారు. రెండూ ఒకే పాఠంగా చెబితే ఏ పిల్లాడూ జన్మలో మరిచిపోడు.

ఇక వంట. సగం దుంపల్ని పలచగా తరిగి అడుగున వేస్తే అవి చితికి పులుసుని చిక్కబరుస్తాయి. మిగతా సగం పెద్ద ముక్కలుగా ఆఖరి అరగంటలో వెయ్యండి. తెర్లనివ్వకుండా సన్నసెగన రెండు గంటలు ఉంచండి. టైం లేకపోతే ప్రెషర్ కుక్కర్ వాడండి, తప్పేం లేదు. అందులో నీళ్లు దాదాపు 120 డిగ్రీలకి చేరతాయి కాబట్టి జడలు చాలా త్వరగా విడిపోతాయి. పెద్ద దుంప ముక్కలు మాత్రం మూత తీశాకే వెయ్యండి.