0.642 చుట్టూ తిరిగిన కేయాన్ లెక్కలు

2019లో చైనాలోని బెస్-3 ప్రయోగం వాళ్లు ఓ పాత అంకెను పక్కన పెట్టేశారు. లాంబ్డా అనే కణం విడిపోయే తీరును చెప్పే ఆల్ఫా విలువ 0.642 కాదు, 0.750 అని తేల్చారు. 1975 వరకు చేసిన కొలతల సగటు నలభై ఏళ్లకు పైగా పట్టికల్లో చెక్కుచెదరకుండా ఉండిపోయింది మరి. ప్రోటాన్ నుంచి కేయాన్ అనే మరో కణం ఎలా పుడుతుందో మోడళ్లు కట్టేవాళ్లకు ఇది పెద్ద తలనొప్పి. ఎందుకో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

1947లో మాంచెస్టర్‌లో రోచెస్టర్, బట్లర్ క్లౌడ్ చాంబర్ (ఆవిరిలో కణాల బాటలు కనిపించే పెట్టె) ఫొటోల్లో వింత కణాల జాడ చూశారు. అవే నేటి కేయాన్లు. ఇవి తేలిగ్గా పుడతాయి కానీ విడిపోవడానికి మాత్రం చాలా ఆలస్యం చేస్తాయి. అవి జంటలుగానే పుడతాయని 1952లో పైస్ సూచించాడు. ఆ తర్వాత గెల్-మన్, నిషిజిమా 'స్ట్రేంజ్‌నెస్' అనే లెక్కను తెచ్చారు. ప్రోటాన్‌లో స్ట్రేంజ్‌నెస్ సున్నా, పుట్టించేటప్పుడు ఆ మొత్తం మారకూడదు. కాబట్టి దాని నుంచి ఒక కేయాన్ రావాలంటే, తోడుగా లాంబ్డా లాంటిది ఇంకొకటి రావాల్సిందే.

ప్రోటాన్‌ను ఫోటాన్‌తో, అంటే కాంతి కణంతో, కొట్టి ఈ జంటను పుట్టించాలంటే ఫోటాన్‌కు కనీసం 911 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉండాలి. ద్రవ్యరాశుల తేడా 671 మాత్రమే. మిగతాది వెనక్కి తన్నుకుపోయే చలనానికి ఖర్చవుతుంది. అంత శక్తిగల ఫోటాన్లు 1950ల చివర్లో కాల్‌టెక్, కార్నెల్ సింక్రోట్రాన్లలో (కణాల వేగం పెంచే యంత్రాల్లో) దొరికాయి. వెంటనే మోడళ్లూ మొదలయ్యాయి.

చేతిలో ఉన్న పద్ధతి సూటిదే. ఫైన్‌మన్ బొమ్మలు గీసి, మధ్యలో ప్రోటాన్, కేయాన్, లాంబ్డా, వాటి ఉత్తేజిత రూపాలు (వీటినే రెజొనెన్స్‌లంటారు) ఒక్కొక్కటే వచ్చి పోతాయనుకుని, ప్రతిదానికీ ఓ బలం ఇచ్చి, డేటాకు సరిపోయేలా సర్దడం. దీన్నే ఐసోబార్ మోడల్ అంటారు. క్వార్క్ సిద్ధాంతం నుంచి ఈ శక్తుల దగ్గర నేరుగా లెక్కకట్టడం ఇప్పటికీ మహా కష్టం, అందుకే ఈ తంటా. చిక్కేమిటంటే, సిమెట్రీ (సమరూపత) చెప్పిన బలాలు వాడితే కేవలం ప్రాథమిక బొమ్మలే డేటాను దాటి ఎక్కడికో పోతాయి. దాన్ని తగ్గించడానికి కొందరు కణాలకు ఫామ్ ఫ్యాక్టర్లు, అంటే కణం బిందువు కాదని బలాన్ని తగ్గించే గుణకాలు, తగిలించారు. అవి గేజ్ నియమాన్ని (విద్యుదావేశం లెక్క తప్పకూడదనే షరతును) చెడగొట్టడంతో హాబెర్‌జెట్ల్ లాంటివాళ్లు దానికి మళ్లీ మరమ్మతు చేయాల్సి వచ్చింది. సాక్లే-లియాన్ బృందం మరో దారి పట్టి, లాంబ్డా వైపు రెజొనెన్స్‌లు కలిపి అదుపు తెచ్చింది. రెండు దారులూ ఒకే డేటాకు సరిపోయాయి. ఆ మాటకొస్తే అసలు బెడద అదే.

1998లో జర్మనీలోని బాన్ నగరంలో సాఫిర్ ప్రయోగం కొత్త డేటా ఇచ్చింది. అందులో 1900 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర చిన్న ఎత్తు కనిపించింది. క్వార్క్ మోడళ్లు ఉండాలని చెప్పినా ఎవరికీ కనబడని రెజొనెన్స్‌లలో ఇదొకటి అని 2000లో మార్ట్, బెన్‌హోల్డ్ ప్రకటించారు. మిగతావాళ్లు ఒప్పుకోలేదు. అదే ఎత్తును వేరే స్పిన్ (కణం తన చుట్టూ తాను తిరుగుతున్నట్టుండే గుణం) గల రెజొనెన్స్‌తోనూ, అసలు కొత్తది లేకుండానూ చూపించవచ్చన్నారు. ఎన్ని కణాలను లాంబ్డా వైపు, ప్రోటాన్ వైపు పెట్టావన్నదాన్ని బట్టి జవాబు మారిపోతే దాన్ని ఎలా నమ్మాలి?

తేల్చాలంటే స్పిన్ కొలతలు కావాలి. ఇక్కడ లాంబ్డా ఓ వరం. కొన్ని సెంటీమీటర్లు వెళ్లి ప్రోటాన్‌గా, పయాన్ అనే తేలిక కణంగా విడిపోతుంది. ఆ ప్రోటాన్ ఎక్కువగా లాంబ్డా స్పిన్ ఉన్న వైపే పోతుంది. ఎంత ఎక్కువగా అన్నదే ఆల్ఫా. వెయ్యి విడిపోతే స్పిన్ వైపు 660, అవతలివైపు 340 ప్రోటాన్లు లెక్కకు వచ్చాయనుకోండి. 0.642తో లెక్కిస్తే లాంబ్డాలు దాదాపు నూరు శాతం ఒకే వైపు తిరిగి ఉన్నాయని అర్థం. 0.750 అయితే 85 శాతమే. లెక్కపెట్టిన ప్రోటాన్లు అవే, భాష్యం మారిపోయింది.

అమెరికాలోని జెఫర్సన్ ల్యాబ్‌లో క్లాస్ ప్రయోగం 2007లో చెప్పింది దాదాపు అదే. లాంబ్డా మొత్తం ధ్రువణం, అంటే స్పిన్‌లు ఒకే వైపు ఉన్న మోతాదు, అన్ని కోణాల్లోనూ సగటున 1కి అతి దగ్గరగా ఉందని. అది చాలామందిని ఆశ్చర్యపరిచింది, దానికి కారణం వెతుకుతూ వ్యాసాలూ వచ్చాయి. అదే డేటాతో 1900 దగ్గరి రెజొనెన్స్‌కు మొదట చెప్పిన దానికి భిన్నమైన స్పిన్-పారిటీ (పారిటీ అంటే అద్దంలో తిప్పినట్టు చూస్తే కణం ఎలా మారుతుందన్నది) కలయికను బాన్-గచ్చినా బృందం బలపరిచింది. ఇప్పుడది కణాల పట్టికలో నాలుగు నక్షత్రాలతో, అంటే ఖాయమైనదిగా, ఉంది.

2019లో ఇంకొకటి జరిగింది. కేయాన్ డేటానే తిప్పి వాడి ఆల్ఫాను లెక్కకట్టారు. ఈ స్పిన్ కొలతల మధ్య గణిత సంబంధాలు కొన్ని తప్పక నిలవాలి. ఆల్ఫా సరిగ్గా ఉంటేనే అవి నిలుస్తాయి. అలా వచ్చిన విలువ 0.721. బెస్-3 విలువతో అచ్చంగా కలవకపోయినా, పాతదానికి చాలా దూరంలోనే ఉంది.

అప్పటినుంచి మోడళ్లను మళ్లీ సర్దే పని నడుస్తోంది. పాత పట్టికల్లోని ధ్రువణాలు మాత్రం 0.642తో ముద్రించినవి ముద్రించినట్టే ఉన్నాయి. కొత్తగా సర్దుబాటు మొదలుపెట్టేవాళ్లు ఒక్కో డేటా సెట్ తెరిచి, ఏ ఆల్ఫా వాడారో చూసి, గుణించుకుని మరీ ముందుకెళ్లాలి.