ఫ్రిజ్ మీద రంగు కాగితాలు

చిన్నీ, బాబీ,

వచ్చే ఏడాది జీసీఎస్ఈకి, అదే ఇంగ్లండ్‌లో పదహారేళ్ళకి రాసే బడి పరీక్షలకి, ఫ్రెంచ్ వదిలేస్తానని చిన్నీ ఫోన్‌లో చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. సబ్జెక్టులు ఎంచుకునే ఫారం నింపేముందు ఇది చదువు తల్లీ.

మామయ్య ఇంట్లో పై గదిలో అద్దెకుండే అమ్మాయి యూనివర్సిటీలో జర్మన్ చదువుతోంది. బళ్ళో ఒక్క ముక్క నేర్చుకోలేదు, అక్కడ చేరాకే ఓనమాలు దిద్దింది. జర్మన్‌లో ప్రతి వస్తువుకీ లింగం ఉంటుంది. అందుకని వంటింటి నిండా రంగు కాగితాలు అంటించింది. ఫ్రిజ్‌కీ బల్లకీ నీలం, అంటే మగవి. తలుపుకి ఎరుపు, అది ఆడది. కిటికీ రెండూ కాదు, ఆకుపచ్చ. సూర్యుడు ఆడదట, చంద్రుడు మగవాడట! పాలు తీయడానికి ఫ్రిజ్ తెరిచినప్పుడల్లా పైకి చదువుకుంటుంది పాపం.

ఆ అమ్మాయి బళ్ళో నేర్చుకోనిది తెలివి లేక కాదు. ఇంగ్లండ్‌లో ఒకప్పుడు పదహారేళ్ళ దాకా ఏదో ఒక పరభాష తప్పనిసరి. 2004లో ఆ నియమం తీసేసి, పద్నాలుగేళ్ళు దాటాక ఇష్టమైతేనే చదవండి అన్నారు. 2002లో వందకి 76 మంది భాషలో జీసీఎస్ఈ రాస్తే, 2011కి 40 మందే రాశారు. పద్దెనిమిదేళ్ళకి రాసే ఏ-లెవెల్ పరీక్షల్లో జర్మన్ రాసేవాళ్ళు బాగా తగ్గిపోయారు. స్పానిష్ మాత్రం 2019లో ఫ్రెంచ్‌ని దాటింది. పిల్లలు రాక కొన్ని యూనివర్సిటీలు భాషల డిగ్రీలే ఎత్తేశాయి. మిగిలిన చాలా చోట్ల ఆ భాష అసలు రానివాళ్ళనీ చేర్చుకుని మొదటి ఏడాదే పరుగులు పెట్టిస్తారు. ఎందుకంటే సాధారణంగా మూడో ఏడు ఆ దేశానికి వెళ్ళి ఉండాలి. అద్దె మాట్లాడుకోవడం, జ్వరమొస్తే డాక్టరుకి చెప్పుకోవడం, అన్నీ ఆ భాషలోనే.

అలాగని ఈ దేశప్పిల్లలకి ఇంగ్లీషు తప్ప ఏమీ రాదంటే నేను ఒప్పుకోను. బస్సెక్కితే పంజాబీ, ఉర్దూ, పోలిష్ వినిపిస్తాయి. ఆ మూడింటికీ జీసీఎస్ఈ పరీక్ష ఉంది, గుజరాతీ, బెంగాలీలకీ ఉంది. మన తెలుగుకి లేదు. ముప్ఫై ఏళ్ళు తెలుగు పాఠం చెప్పినదాన్ని, నాకది బాధే. మీ తెలుగు ఏ సర్టిఫికెట్‌లోనూ కనిపించదు.

కానీ చిన్నీ, వచ్చాను, వచ్చావు, వచ్చాడు, వచ్చింది అని మనిషిని బట్టి క్రియ మార్చడం నీకు ఉగ్గుపాలతో వచ్చింది. నిన్ను టెన్షన్ పెడుతున్న ఫ్రెంచ్ క్రియలు చేసేదీ అదే పని.

ఫారం శుక్రవారం ఇవ్వాలన్నావు కదా. గురువారం రాత్రి నీ ఫ్రెంచ్ పుస్తకం పక్కన పెట్టుకుని ఫోన్ చెయ్యి.

మీ అమ్మమ్మ