పది దేశాల కూరగాయలకు ఒకే కొలత

పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో చిన్నది ఒక మంచి ప్రశ్న వేసింది. "తాతయ్యా, మేం సింగపూర్‌లో తినే ఆకుకూర మలేషియాది, మామిడిపండు థాయ్‌లాండ్‌ది. అక్కడి రైతు ఎలా పండించాడో ఇక్కడివాళ్ళకి ఎలా తెలుస్తుంది?" అని. ఉద్యోగమంతా ఉద్యానశాఖలో తోటల గట్ల మీదే గడిపినవాణ్ణి, ఈ సంగతి ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పి వదిలేయడం నాకు ఇష్టం లేకపోయింది. అందుకే ఈ ఉత్తరం.

మీ ఊరు తినే తిండిలో నూటికి తొంభై వంతుల పైనే బయటి దేశాల నుంచి వస్తుంది. మలేషియాలో కామెరాన్ హైలాండ్స్ అని చల్లటి కొండ ప్రాంతం ఉంది. క్యాబేజీ, టమాటా, లెట్యూస్ అక్కడ కోసి, లారీల్లో జోహార్ దాటించి మీ మార్కెట్లకు తెస్తారు. సింగపూర్ అధికారులు వాటిలో కొన్ని తీసి పరీక్ష చేస్తారు. పురుగుమందు పరిమితికి మించి ఉంటే ఆ సరుకును లోపలికి రానివ్వరు. మంచిదే. కానీ ల్యాబుకు వెళ్ళేది నాలుగు కాయలు, మార్కెట్‌కి వెళ్ళేది లారీ నిండా సరుకు. పైగా తప్పు తెలిసేసరికి పంట కోత అయిపోయి ఉంటుంది, రైతు పెట్టుబడీ పోయి ఉంటుంది.

ఆ పరిమితులు ఎంత చిన్నవో చెబితే ఆశ్చర్యపోతారు. విడిగా పరిమితి పెట్టని మందులకు యూరప్ దేశాలు ఒప్పుకునేది కిలోకు 0.01 మిల్లీగ్రాము. అంటే పది టన్నుల లారీలు పది వరసగా నిలబెడితే, వాటన్నిటి కూరగాయల్లో కలిపి ఒక్క గ్రాము! అంత సూక్ష్మమైన దాన్ని సరిహద్దు దగ్గర పట్టుకోవడం కన్నా మడిలోనే రాకుండా చూసుకోవడం తేలిక. అలా చూసుకునే పద్ధతులకే గ్యాప్ (గుడ్ అగ్రికల్చరల్ ప్రాక్టీసెస్) అని పేరు. మంచి సాగు పద్ధతులు అన్నమాట.

మడిలో ఏం చూడాలి? ఒక్క మందు సంగతే తీసుకుందాం. ప్రతి మందు డబ్బా మీద, కొట్టాక ఎన్ని రోజులకు కోయాలో రాసి ఉంటుంది. ఒకదానికి మూడు రోజులు, ఇంకోదానికి పద్నాలుగు. వంకాయ, బెండకాయ రోజు మార్చి రోజు కోతకొస్తాయి. సోమవారం మందు కొట్టి బుధవారం కోసేస్తే ఆ మందు తినేవాళ్ళ కంచంలోకి వస్తుంది. అందుకే రైతు దగ్గర ఒక నోటుబుక్కు ఉండాలి. తేదీ, మడి నంబరు, ఏ పురుగు కనిపించింది, ఏ మందు, పంపుకి ఎంత కలిపారు, ఎవరు కొట్టారు, ఎప్పుడు కోయొచ్చు: ఒక్కో పిచికారీకి ఒక్క వరస. తనిఖీకి వచ్చినవాళ్ళు ఆ వరసను మందుల కొట్టు రసీదుతో, కోత తేదీతో కలిపి చూస్తారు. నేను తోటకి వెళ్తే మొక్కల కంటే ముందు ఆ పుస్తకమే అడిగేవాణ్ణి. తడిచేతులతో తిప్పి అంచులు నలిగిన పుస్తకమైతే నాకు నమ్మకం కలిగేది. ఆరు నెలల లెక్క ఒకే పెన్నుతో, ఒకే పూట రాసినట్టుంటే తోటంతా మళ్ళీ తిరిగి చూసేవాణ్ణి.

మందుతోనే అయిపోదు. ఆకుకూర కోశాక ఏ నీళ్ళలో కడిగారు? మురుగు కలిసే కాలవ నీళ్ళలో ముంచితే, ఆకు నిగనిగలాడుతుంది గానీ కడుపులో నొప్పి తెస్తుంది. పేడ బాగా చివికిందా, పచ్చిదే వేశారా? కూలీలకు మరుగుదొడ్డి, చేతులు కడుక్కోను సబ్బు ఉన్నాయా? క్రేట్లు నేల మీద పెట్టారా, పలకల మీద పెట్టారా? ఇవన్నీ గ్యాప్ కిందికే వస్తాయి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఈ నియమాలు ముందు రాసింది రైతులు కాదు, కొనేవాళ్ళు. 1997లో యూరప్ సూపర్‌మార్కెట్ల వాళ్ళు కలిసి యూరెప్‌గ్యాప్ అని ఒకటి తెచ్చారు. 2007లో బ్యాంకాక్‌లో దాని పేరు గ్లోబల్‌గ్యాప్‌గా మార్చారు. పద్ధతులు మంచివే, కానీ వాటి ఖర్చు చిన్న రైతు నెత్తిన పడింది. కెన్యాలో ఫ్రెంచి బీన్స్ పండించే చిన్నకారు రైతులు చాలామంది ఆ ఖర్చు భరించలేక ఎగుమతే మానుకున్నారు.

ఆగ్నేయాసియా దేశాలు ఇంకో దారి పట్టాయి. మలేషియాకు 2002 నుంచే సొంత పద్ధతి ఉంది. థాయ్‌లాండ్‌కు క్యూ (Q) అనే అక్షరం గుర్తుతో ఒకటి, సింగపూర్‌కు ఒకటి, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్‌కు వేర్వేరుగా ఉన్నాయి. లావోస్, కంబోడియా, మయన్మార్ లాంటి దేశాలు అప్పటికి ఇంకా మొదలుపెట్టే దశలోనే ఉన్నాయి. పక్కపక్క దేశాలే అయినా ఒకరి కాగితం ఇంకొకరికి చెల్లేది కాదు. ఊరికో శేరు ఉంటే సంతలో బేరం ఎలా తెగుతుంది? అందుకని ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌లో అప్పుడున్న పది దేశాలు, ఆస్ట్రేలియా సాయంతో, 2006లో ఆసియాన్ గ్యాప్ అని తాజా పళ్ళకీ కూరగాయలకీ ఉమ్మడి పద్ధతి రాసుకున్నాయి.

అందులో నాకు బాగా నచ్చినవి రెండున్నాయి. మొదటిది, ఎవరి పద్ధతినీ రద్దు చేయలేదు. ఆసియాన్ పేరుతో రైతుకు సర్టిఫికెట్ ఇవ్వరు. ఆ ఉమ్మడి పుస్తకాన్ని ముందు పెట్టుకుని ఏ దేశానికి ఆ దేశం తన నియమాలను సరిచూసుకుంటుంది. వియత్నాం 2008లో తెచ్చిన వియత్‌గ్యాప్ అలా పుట్టిందే. రెండోది, దాన్ని నాలుగు భాగాలు చేశారు. ఆహార భద్రత, పర్యావరణం, కూలీల ఆరోగ్యం సంక్షేమం, సరుకు నాణ్యత. నాలుగూ ఒకేసారి చేయలేని దేశం ముందు ఆహార భద్రతతో మొదలుపెట్టి, మిగతావి తర్వాత అందుకోవచ్చు. వెనకబడినవాళ్ళను గుమ్మం బయటే నిలబెట్టే నియమాలు చాలా చూశాను. ఇది అలాంటిది కాదు.

అయితే పర్యావరణాన్ని తర్వాత చూసుకుందాం అనుకోవడంలో ప్రమాదం లేకపోలేదు. మీకు కూరలొచ్చే ఆ కామెరాన్ కొండల్నే చూడండి. అడవి నరికి, వాలు తవ్వి పొలాలు చేశారు, ఇళ్ళూ హోటళ్ళూ కట్టారు. వాన పడ్డప్పుడల్లా మట్టి కొట్టుకొచ్చి రింగ్‌లెట్ జలాశయంలో పేరుకుంది. 2013 అక్టోబరులో భారీ వానలకు జలాశయం నిండిపోయి నీళ్ళు వదిలితే, దిగువన బెర్తామ్ లోయ మునిగింది, మనుషులు చనిపోయారు. అక్కడి క్యాబేజీలో మందు లేకపోవచ్చు, కానీ దాన్ని పండించిన కొండ ఏమైంది అన్నది కూడా ఆ పుస్తకంలో ఉండాల్సిన ప్రశ్నే. ఆ భాగాన్ని ఎవరైనా ఐచ్ఛికంగా చూస్తే నాకు మనసు ఒప్పదు.

తనిఖీ ఎవరు చేస్తారన్నది ఇంకో చిక్కు. థాయ్‌లాండ్‌లో ప్రభుత్వమే రైతుల దగ్గర డబ్బు తీసుకోకుండా చేసింది. చిన్న రైతులు పెద్ద సంఖ్యలో చేరారు. కానీ అంతమందిని గట్టిగా చూడటానికి సిబ్బంది చాలలేదు. క్యూ గుర్తున్న కూరల్లోనూ పరిమితి దాటిన మందు దొరికిందని పురుగుమందుల మీద పనిచేసే అక్కడి పౌరసంఘం పరీక్షలు చేయించి బయటపెట్టింది. డబ్బు తీసుకుని తనిఖీ చేస్తే పేద రైతు రాలేడు, ఉచితంగా చేస్తే చూపు పల్చబడుతుంది.

దీనికి నాకు తెలిసినంతలో మేలైన మార్గం రైతులు గుంపుగా చేరడం. మీరు బడిలో వర్గమూలం నేర్చుకున్నారుగా, అది ఇక్కడ పనికొస్తుంది. గ్లోబల్‌గ్యాప్‌లో వంద మంది రైతులు ఒక సంఘంగా చేరితే, సంఘం తనే వంద తోటలూ తనిఖీ చేసుకోవాలి. బయటి తనిఖీదారు వందకు వర్గమూలం, అంటే పది తోటలు తనకు నచ్చినవి ఎంచుకుని చూస్తాడు. ఖర్చు వంద మందికీ పంచుతారు. ఒకరి తోటలో తప్పు దొరికితే గుంపు మొత్తానికి ముప్పు రావచ్చు కాబట్టి, పక్క రైతు ఎప్పుడు మందు కొట్టాడో, ఎప్పుడు కోస్తున్నాడో అందరూ కనిపెట్టుకుని ఉంటారు. ఎక్కడో ఆఫీసులో కూర్చున్న అధికారి కంటే పక్క గట్టు మీది రైతుకే ముందు తెలుస్తుంది.

మన దగ్గరా కదలిక ఉంది. భారత నాణ్యతా మండలి ఇండ్‌గ్యాప్ అని ఒకటి తెచ్చింది. బంగ్లాదేశ్, భూటాన్, నేపాల్, మాల్దీవుల కోసం ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ దక్షిణాసియా దేశాల కూటమి సార్క్ పేరుతో ఉమ్మడి గ్యాప్ పద్ధతి సిద్ధం చేయడంలో సాయపడింది. కాగితం మీద అన్నీ ఉన్నాయి. మన నూజివీడు మామిడి రైతు మాత్రం, "సార్, పుస్తకం రాస్తే నా కాయకి కిలోకి ఎంత ఎక్కువ ఇస్తారు?" అని అడుగుతాడు. న్యాయమైన ప్రశ్న. రాసినవాడి సరుకూ రాయనివాడి సరుకూ మండీలో ఒకే కుప్పగా పోసి ఒకే ధర కడితే, రెండో ఏడు ఆ పుస్తకం ఎవరూ తెరవరు. పుస్తకం రాసిన రైతు సరుకు విడిగా పెట్టి, విడిగా ధర కట్టే వరకు ఏ దేశంలోనూ ఈ పని పూర్తయినట్టు కాదని నా అభిప్రాయం.

ఈసారి సెలవులకు వచ్చినప్పుడు మామిడి కోతల్లో ఒక రోజు మిమ్మల్ని తోటకి తీసుకెళ్తాను. అక్కడ రైతునే అడగండి, నాకంటే బాగా చెబుతాడు. అమ్మకి, నాన్నకి నా ఆశీస్సులు చెప్పండి.

ప్రేమతో,
మీ తాతయ్య