ఎస్‌జీపీటీ తగ్గితే వైరస్ పోయినట్టేనా?

చైనా ఈశాన్య ప్రాంతపు అడవుల్లో వూవైజి అనే తీగ ఉంది. దానికి ఎర్రటి పండ్లు గుత్తులు గుత్తులుగా కాస్తాయి. ఆ పండ్ల పొడి ఇస్తే హెపటైటిస్ (కాలేయ వాపు) రోగుల రక్తంలో ఎస్‌జీపీటీ అనే కాలేయ ఎంజైమ్ తగ్గుతోందని 1970లలో అక్కడి డాక్టర్లు గమనించారు. బీజింగ్‌లో లియూ గెంగ్‌తావో బృందం ఆ పండులోని పదార్థాల మీద పనిచేసి ముందు బైఫెండేట్, తర్వాత బైసైక్లాల్ అనే మందులు తెచ్చింది. అయితే బైఫెండేట్ ఆపేశాక చాలామందిలో ఎస్‌జీపీటీ మళ్లీ పెరిగింది.

కారణం తెలియాలంటే ఆ అంకె దేన్ని కొలుస్తుందో చూడాలి. హెపటైటిస్ బి వైరస్ కాలేయ కణంలో కాపురం పెడుతుందే గానీ, దాన్ని నేరుగా చంపదు. చంపేది మన రోగనిరోధక వ్యవస్థలోని టి కణాలు. వైరస్ ఉన్న కణాన్ని గుర్తుపట్టి అవి దాడి చేస్తాయి. కణం పగిలి అందులోని ఎంజైమ్ రక్తంలోకి వస్తుంది. అదే ఎస్‌జీపీటీ. అంటే అది చెప్పేది దెబ్బతిన్న కణాల లెక్క, వైరస్ లెక్క కాదు. పుట్టినప్పుడే తల్లి నుంచి వైరస్ సోకినవాళ్లలో టి కణాలు ఏళ్ల తరబడి పెద్దగా కదలవు. మిల్లీలీటరు రక్తంలో కోట్ల వైరస్‌లు ఉన్నా ఎస్‌జీపీటీ నార్మల్‌గానే వస్తుంది!

ఇలా చాలాకాలం గడిస్తే టి కణాలు అలసిపోతాయి. వాటి మీద పీడీ-1 అనే ప్రోటీన్ బ్రేకులా పనిచేస్తుంది. ఎంటెకావిర్, టెనోఫోవిర్ మాత్రలు వైరస్ కొత్త కాపీలు తయారవకుండా అడ్డుకుంటాయి. కానీ కణ కేంద్రకంలో దాక్కున్న వైరస్ డీఎన్ఏను అవి తుడిచిపెట్టలేవు. అందుకే టి కణాలను మళ్లీ లేపాలన్న ఆశ. ఆ ఆశ న్యాయమైనదే. కూషెన్ అనే మొక్క వేరులోని ఆక్సీమాట్రిన్ అనే పదార్థం మీద కూడా చైనాలో ఎన్నో పరీక్షలు జరిగాయి. కానీ మనుషుల మీద చేసిన వాటిలో చాలావరకు చిన్నవి, పద్ధతి సరిగా లేనివి. వాటిని జల్లెడ పట్టిన కోక్రేన్ (వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే అంతర్జాతీయ సంస్థ) సమీక్షకులు గట్టిగా ఏదీ తేల్చలేకపోయారు. ఇక ఎలుకల ఫలితాలంటారా, మామూలు ఎలుకకు ఈ వైరస్ అసలు సోకదు.

మన దగ్గరా ఇదే కథ నడిచింది. నేల ఉసిరి తీసుకున్న 37 మందిలో 22 మందికి హెచ్‌బీఎస్‌ఏజీ (హెపటైటిస్ బి వైరస్ పైపొర ప్రోటీన్) పరీక్ష నెగెటివ్ వచ్చిందని 1988లో మద్రాసు పరిశోధకులు ప్రకటించారు. తర్వాత ఇతరులు చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలబడలేదు. పచ్చకామెర్లకు పసరు పనిచేసిందని ఇప్పటికీ చాలామంది నమ్ముతారు. హెపటైటిస్ ఎ వల్ల వచ్చిన కామెర్లు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి, పేరు పసరుకొస్తుంది. హెపటైటిస్ బి దీర్ఘకాలికంగా మారితే అంత సులువుగా వదలదు.

"ఇమ్యూనిటీ పెంచుతుంది" అన్న మాట వింటే నాకు భయమేస్తుంది. టి కణాలు ఒక్కసారిగా విరుచుకుపడితే కాలేయమే కుప్పకూలవచ్చు. పైగా మూలికలన్నీ నిరపాయం కావు. జుట్టు నల్లబడుతుందని వాడే హషౌవూ వేరు వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు చాలానే ఉన్నాయి. తూసాన్‌చీ అనే మూలిక అయితే కాలేయంలోని సన్నటి రక్తనాళాలనే మూసేయగలదు.

మూలిక వాడుతుంటే డాక్టరుకు దాచకుండా చెప్పండి. ఎస్‌జీపీటీ ఒక్కటే చూసి ఊరుకోకుండా హెచ్‌బీవీ డీఎన్ఏ (రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పేది), హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్షలు అడగండి. రిపోర్టు బాగుందని మాత్రలు మాత్రం సొంతంగా ఆపొద్దు. ఆపిన కొన్ని వారాలకో నెలలకో చాలామందిలో వైరస్ మళ్లీ విజృంభిస్తుంది, దాని వెనకే టి కణాల దాడీ మొదలుకావచ్చు. అప్పటికే సిరోసిస్ (కాలేయం మచ్చలు పడి గట్టిపడటం) ఉన్నవాళ్ల కాలేయం ఆ దెబ్బకు తట్టుకోలేకపోవచ్చు.